యుద్ధంలో గల్లంతైన వైమానికులు: దశాబ్దాల తర్వాత వెలికితీత, గుర్తింపు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఎక్కువ భాగం అమెరికా పద్ధతి గురించే ఉంటుంది. ఈ పనిని ఏటా ఒక కార్యక్రమంగా, సొంత ప్రయోగశాలలతో ఆ దేశం పెద్ద ఎత్తున చేస్తోంది. బ్రిటిష్ పద్ధతి, మన ఈశాన్య కొండల సంగతి చివర్లో వేరుగా ఉన్నాయి.

ఇంకా ఎంతమంది ఆచూకీ తెలియాలి?

రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇప్పటిదాకా లెక్క తేలని అమెరికా సైనికులు సుమారు 81,000 మంది. అందులో 72,000 దాకా రెండో ప్రపంచ యుద్ధం వారే. కొరియా యుద్ధం వారు 7,000కు పైగా, వియత్నాం వారు 1,500కు పైగా ఉన్నారు. మొత్తంలో సగం మంది, అంటే 41,000 దాకా, సముద్రంలో పోయారని అంచనా. వాళ్లలో చాలామంది ఎప్పటికీ దొరకరు. వెతకగలిగినవాళ్ల సంఖ్య 38,000 దగ్గర ఉంటుందని ఆ పని చూసే సంస్థ చెబుతుంది. ఆ సంస్థ పేరు డీపీఏఏ. అంతకుముందు విడివిడిగా ఉన్న విభాగాలను కలిపి 2015లో ఏర్పాటు చేశారు. దాని ప్రయోగశాలలు హవాయిలోని పెర్ల్ హార్బర్–హికమ్ స్థావరంలోనూ, నెబ్రాస్కాలోని ఆఫట్ వైమానిక స్థావరంలోనూ ఉన్నాయి. డీఎన్‌ఏ పరీక్షలు డెలావేర్‌లోని డోవర్‌లో, ఏఎఫ్‌డిల్ అనే వేరే ప్రయోగశాలలో జరుగుతాయి.

విమానం కూలిన తేదీకి ఏడాది తర్వాత మరణించినట్టు రికార్డుల్లో ఉంది. అంటే బందీగా బతికి ఉన్నాడా?

కుటుంబాలను ఎక్కువగా తప్పుదారి పట్టించే తేదీ ఇదే. 1942 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం, గల్లంతైన మనిషి గురించి ఏ కబురూ లేకపోతే ఏడాది మీద ఒక రోజు గడిచాక అతను చనిపోయినట్టు పరిగణించి ఉత్తర్వు ఇచ్చేవారు. జీతం, బీమా, పింఛను లెక్కలు తేల్చడానికి అది అవసరం. ఆ ఉత్తర్వు తేదీయే కొన్ని పత్రాల్లోకి, కొన్ని సమాధి ఫలకాల మీదికి మరణ తేదీగా ఎక్కింది. కూలిన తేదీకీ మరణ తేదీకీ మధ్య కచ్చితంగా 366 రోజుల తేడా ఉంటే అది కాగితం మీది తేదీ అనుకోండి. వెతకాల్సింది మొదటి తేదీ చుట్టూనే.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పార పట్టుకునే ముందు కాగితాలు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా సైనిక వైమానికులకు రెండు ఫైళ్లు ప్రాణం లాంటివి.

ఒకటి ఎంఏసీఆర్, అంటే గల్లంతైన విమాన సిబ్బంది నివేదిక. ఇది 1943 మధ్య నుంచి వాడుకలోకి వచ్చింది. సిబ్బంది గల్లంతైనట్టు తేలిన 48 గంటల్లో దళం దీన్ని రాయాలి. విమానం క్రమసంఖ్య, ఇంజన్ల క్రమసంఖ్యలు, మెషిన్‌గన్ల క్రమసంఖ్యలు, ఎవరు ఏ స్థానంలో కూర్చున్నారు, చివరిసారి ఎక్కడ కనిపించింది, వాతావరణం, పక్క విమానాల వాళ్లు ఏం చూశారు, ఎన్ని పారాచూట్లు తెరుచుకున్నాయి అన్నవి ఇందులో ఉంటాయి. యూరప్‌లో కూలిన వాటికి జర్మన్లు రాసుకున్న నివేదికలు కూడా జతపడి ఉండవచ్చు. వాటిమీద కేయూ, జే అనే అక్షరాలు కనిపిస్తాయి. శవాన్ని ఏ ఊరి శ్మశానంలో పూడ్చారో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. 1943కు ముందు కూలిన విమానాలకు కొన్ని నివేదికలు తర్వాతెప్పుడో రాశారు. వాటిని కాస్త అనుమానంతోనే చదవాలి.

రెండోది ఐడీపీఎఫ్, మరణించిన ఒక్కొక్కరి పేరిట ఉండే ఫైలు. యుద్ధం తర్వాత సమాధుల నమోదు విభాగం ఎక్కడెక్కడ వెతికింది, ఎవరిని అడిగింది, ఏ అవశేషాలను ఎవరివి కావని తేల్చింది అన్నవన్నీ ఇందులో ఉంటాయి. పళ్ల పటం, ఎత్తు, బరువు, జుట్టు రంగు కూడా చాలావాటిలో ఉంటాయి. ఆ విభాగం 1951లో పని ముగించింది. వాళ్లు 'దొరకదు' అని తేల్చిన చోటే ఇప్పుడు మళ్లీ పని మొదలవుతుంది. కాబట్టి ఎందుకు దొరకదన్నారో ఆ కారణం చదవడం ముఖ్యం. దారిలేక ఆగిపోయారా, తప్పు కొండ ఎక్కారా, ఊరివాళ్లు చెప్పలేదా?

చూసిన మనిషి నివేదికలో ఇచ్చిన స్థానం మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. మేఘాల్లో, గంటకు వందల మైళ్ల వేగంతో, తన ప్రాణం కోసం పెనుగులాడుతూ చూసిన మాట అది. పది మైళ్ల తేడా మామూలే.

సేవా రికార్డు 1973 మంటల్లో కాలిపోయిందని చెప్పారు. ఇక దారి లేదా?

1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1959 చివరిదాకా సేవ ముగిసిన ఆర్మీ వారి ఫైళ్లలో 80 శాతం అందులోనే పోయాయి. వైమానికులు కదా, వీళ్లకేం సంబంధం అనుకోవద్దు. 1947 సెప్టెంబరు దాకా అమెరికా వైమానిక దళం ఆర్మీలో భాగమే. అయితే ఐడీపీఎఫ్‌లు, ఎంఏసీఆర్‌లు ఆ భవనంలో లేవు. అవి క్షేమం. 'రికార్డు కాలిపోయింది' అన్న జవాబు వచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈ రెండు ఫైళ్లను పేరుపెట్టి విడిగా అడగాలి.

ఇదే కారణంగా మరో పొరపాటు జరుగుతుంది. 1944లో పోయిన బాంబర్ గన్నర్ కుటుంబం ఎయిర్‌ఫోర్స్ కార్యాలయానికి రాస్తుంది. చూడాల్సింది కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న ఆర్మీ విభాగం. కొరియా, వియత్నాం వైమానికులైతే ఎయిర్‌ఫోర్స్‌కే రాయాలి. నౌకాదళ పైలట్లకు టెనెసీలోని మిల్లింగ్టన్, మెరైన్లకు వర్జీనియాలోని క్వాంటికో.

పాత ఫొటోలో తోక మీది నంబరు నివేదికలోని నంబరుతో కలవడం లేదు. ఎందుకు?

క్రమసంఖ్యలో మొదటి రెండు అంకెలు ఆ విమానానికి ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరం. తోక మీద రాసేటప్పుడు మొదటి '4'ను, మధ్య గీతను వదిలేసేవారు. 42-31234 అన్నది తోక మీద 231234 అవుతుంది. ముక్కు మీద రాసిన ముద్దుపేరును మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. ఒకే పేరు అయిదారు విమానాలకు ఉండేది. సిబ్బంది ఒక విమానానికి పేరు పెట్టుకుని, ఆ రోజు ఇంకో విమానంలో వెళ్లి కూలిన సందర్భాలు కోకొల్లలు.

దొరికిన శకలం ఏ విమానానిదో ఎలా తేలుస్తారు?

కాక్‌పిట్‌లో ఉండే తయారీ ఫలకం దొరికితే అదృష్టమే. సాధారణంగా దొరకదు. దొరికేవి ఇంజన్లు, మెషిన్‌గన్లు. దట్టమైన ఉక్కు కాబట్టి మంటనూ, నేలనూ తట్టుకుంటాయి. పాత ఇనుము బేరగాళ్లు అల్యూమినియం అంతా పట్టుకుపోయినా ఇంజన్ సిలిండర్లు లోయలో మిగిలే ఉంటాయి. గన్ క్రమసంఖ్య ఎంఏసీఆర్‌తో కలిస్తే విమానం ఏదో దాదాపు తేలినట్టే.

ఇంజన్ నంబరు కలవకపోతే మాత్రం కంగారుపడి ఆ విమానాన్ని కొట్టేయకూడదు. ఇంజన్లు తరచూ మార్చేవారు, కాగితాల్లో మార్పు ఎక్కేలోపే విమానం కూలి ఉండవచ్చు. చిన్న భాగాల మీది అంకెల్లో ఎక్కువ భాగం విడిభాగం రకాన్ని చెప్పేవి. ఆ రకం విమానాలన్నిటి మీదా అదే అంకె ఉంటుంది. వాటినిబట్టి బీ-24 బాంబర్ అని చెప్పగలం, ఏ బీ-24 అని చెప్పలేం.

నెదర్లాండ్స్‌లోని మార్కర్‌మీర్ సరస్సులో 2008లో బయటపడ్డ స్టిర్లింగ్ బాంబర్‌ను మొదట బీకే710 అనుకున్నారు. తర్వాతి పరిశీలనలో అది 1943 మార్చి చివర ఏడుగురితో పోయిన బీకే716 అని తేలింది, 2020లో వెలికితీశారు. రెండు నంబర్లకు తేడా ఒకటీ అరా అంకెలే, కానీ మారిపోయేది ఏడు కుటుంబాలు. ఈ పని మొత్తంలో ప్రతి మెట్టు దగ్గరా అడగాల్సింది 'ఇది అతనేనా' అని కాదు, 'ఇంకెవరై ఉండవచ్చు' అని.

అడవిలోనో పొలంలోనో శకలాలు, ఎముకలు కనిపిస్తే ఏం చేయాలి?

ముట్టుకోవద్దు, తవ్వొద్దు, శుభ్రం చేయొద్దు. మొదటి కారణం మీ ప్రాణం. ఎనభై ఏళ్లయినా బాంబు బాంబే, పైగా తుప్పు పట్టిన ఫ్యూజు మరీ ప్రమాదం. రెండో కారణం, వస్తువు ఎక్కడ ఏ లోతులో ఉందన్నదే సగం సాక్ష్యం. ఎడమ బూటు కాక్‌పిట్ ముక్కల మధ్య దొరికిందా, వంద గజాల అవతల దొరికిందా అన్నదాన్నిబట్టి ఆ మనిషి విమానంలోనే ఉన్నాడా, దూకాడా అని తేలుస్తారు. ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టాక ఆ సమాచారం ఇక రాదు.

స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. ఫోన్‌లో జీపీఎస్ అంకెలు అయిదు దశాంశాల దాకా రాసుకోండి. కనిపించిన అంకెలూ అక్షరాలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి, చదవలేని అంకెను ఊహించి నింపవద్దు. తర్వాత స్థానిక పోలీసులకు చెప్పండి. చోటు గురించి సోషల్ మీడియాలో పెడితే వారంలో అక్కడ మెటల్ డిటెక్టర్లు వాలతాయి.

తవ్వకం ఎలా జరుగుతుంది?

ముందుగా పరిశోధక బృందం వెళ్లి ఊరి పెద్దలను అడుగుతుంది, శకలాల పరిధి చూస్తుంది. అక్కడ ఎముకలు దొరికే అవకాశం ఉందని తేలాకే తవ్వకపు బృందం వస్తుంది. 10 నుంచి 14 మంది ఉంటారు, పని 35 నుంచి 60 రోజులు సాగుతుంది. నాయకత్వం సైనికాధికారిదైనా ఎక్కడ తవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఫోరెన్సిక్ మానవశాస్త్రవేత్తో పురావస్తు నిపుణుడో నిర్ణయిస్తారు. పేలుడు పదార్థాల నిపుణుడు, వైద్య సహాయకుడు, దుబాసీ, ఫొటోగ్రాఫర్, పారాచూట్, బెల్టుల లాంటి విమాన సిబ్బంది సామాను ఎరిగినవారు ఉంటారు. కొండ ప్రాంతమైతే తాళ్ల మీద పనిచేసేవారు కూడా. మట్టి మోయడానికి స్థానికులను పెట్టుకుంటారు.

నేలను తాళ్లతో చదరాలుగా విభజిస్తారు, సాధారణంగా 4 మీటర్లకు 4 మీటర్లు. పొరలు పొరలుగా తీసిన మట్టినంతా బకెట్లలో మోసి 6 మిల్లీమీటర్ల కన్నున్న జల్లెడ పడతారు. బంకమన్ను జల్లెడలో దిగదు కాబట్టి పంపుతో నీళ్లు కొట్టి కడుగుతారు. ఒక పన్ను, ఒక కోటు బొత్తం, వేలి ఎముక ముక్క, ఇవన్నీ జల్లెడ దగ్గరే దొరుకుతాయి, గుంటలో కాదు. శకలాలు పడని చదరాలు వరసగా వచ్చి, తవ్వకం ఎప్పుడూ తవ్వని అసలు నేలకు తగిలాక ఆపుతారు.

చెడేది ఎక్కడ? వర్షాకాలం లెక్క తప్పి గుంటలు నిండిపోవడం ఒకటి. పాత ఇనుము వాళ్లు ముందే తవ్విపోసిన మట్టి కుప్పలను వదిలేసి 'కన్నె నేల'నే తవ్వడం ఇంకొకటి. వాళ్లకు కావలసింది లోహం, పారేసింది మిగతాదంతా. కాబట్టి ఆ కుప్పలే ముందు జల్లించాలి.

ఇంత కాలానికి ఎముకలు మిగులుతాయా?

అది నేలమీద, కూలిన తీరుమీద ఆధారపడుతుంది. యుద్ధ విమానం నిట్టనిలువుగా మెత్తని నేలలోకి దిగితే ఇంజన్ కొన్ని మీటర్ల లోతుకు పోతుంది, పైనున్న బురద మూసుకుంటుంది. గాలి తగలని ఆ తడి బంకమన్నులో తోలు, కాగితం, పారాచూట్ బట్ట కూడా నిలుస్తాయి. అదే ఆగ్నేయాసియా వర్షారణ్యాల ఆమ్ల నేలలో ఎముక కరిగిపోయి పళ్ళు మాత్రమే మిగలడం మామూలు. మంటల్లో తెల్లగా కాలిన ఎముక ఆకారంలో బాగానే ఉంటుంది కానీ దాంట్లో డీఎన్‌ఏ ఉండదు. నల్లగా మాడినదాంట్లో ఆశ ఉంది. దొరికిన ఎముకల్లో జంతువులవి ఎప్పుడూ ఉంటాయి, అవి వేరుచేయడమే ప్రయోగశాలలో మొదటి పని.

హిమానీనదాల సంగతి వేరు. అక్కడ మనిషి చెక్కుచెదరడు, చోటు మాత్రం కదిలిపోతుంది. 1952 నవంబరులో 52 మందితో అలాస్కాలో కూలిన సీ-124 రవాణా విమానపు శకలాలు 2012లో, కూలిన కొండకు మైళ్ల దూరాన కాలనీ హిమానీనదం మీద తేలాయి. అప్పటినుంచి ప్రతి వేసవిలో మంచు కరిగినంత మేర వెళ్లి ఏరుతున్నారు. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్–లేహ్ మార్గంలో మాయమైన మన వైమానిక దళపు ఏఎన్-12 రవాణా విమానం కూడా అంతే. శకలాలు 2003లో కనిపించాయి, 2024లో కూడా మరో నాలుగు మృతదేహాలు దొరికాయి. ఈ రెండూ శత్రువు కూల్చినవి కావు, మంచు పనితీరు మాత్రం ఒకటే.

డాగ్‌ట్యాగ్ దొరికింది. అది చాలదా?

చాలదు. ట్యాగ్ చెప్పేది ఆ ట్యాగ్ అక్కడికి వచ్చిందని మాత్రమే. వియత్నాంలో చేతులు మారుతూ అమ్మకానికి వచ్చిన ట్యాగుల మీది పేర్లలో ఎక్కువ భాగం క్షేమంగా ఇంటికి చేరినవారివే. అయితే చదవడం వస్తే ట్యాగ్ చాలా చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు ఆర్మీ ట్యాగ్ మీద 'ఓ' అక్షరంతో మొదలైన సంఖ్య అధికారిది. '1'తో మొదలైతే స్వచ్ఛందంగా చేరినవాడు, '3' అయితే నిర్బంధ భర్తీలో వచ్చినవాడు. 'టీ42' లాంటిది ధనుర్వాతం టీకా వేసిన సంవత్సరం. ఫ్లైట్ ఆఫీసర్ల సంఖ్య కూడా 'టీ'తోనే మొదలవుతుంది, రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు. ఇంటివారి పేరూ చిరునామా ఉంటే ఆ ట్యాగ్ 1943 మధ్యకు ముందు కొట్టినదన్నమాట, ఆ తర్వాత ఆ వరసలు తీసేశారు. అంచున ఉండే చిన్న గాటు అచ్చుయంత్రంలో రేకు సరిగ్గా కూర్చోవడానికి. దాన్ని శవం పళ్ల మధ్య ఇరికించేవారన్న కథ వట్టిది.

పారాచూట్ బకిళ్లు, జిప్పులు ఎందుకంత జాగ్రత్తగా ఏరుతారు?

అవి పేరు చెప్పవు, సంఖ్య చెబుతాయి. బీ-24లో పదిమంది వెళ్లారు, ఇద్దరు దూకారని సాక్షులు చెప్పారు అనుకోండి. శకలాల్లో మూసుకుని ఉన్న హార్నెస్ బకిళ్లు ఎనిమిది సెట్లు దొరికితే సాక్షుల మాట నిలుస్తుంది. ఆరు దొరికితే ఇద్దరి కోసం ఇంకోచోట వెతకాలి. సీటు బెల్టు బకిల్ బిగించి ఉందా, విప్పి ఉందా, పారాచూట్ లాగే తీగ పిన్ను దాని స్థానంలోనే ఉందా అన్నవి ఆ మనిషి చివరి నిమిషం చెబుతాయి. వియత్నాం కేసుల్లో ఎముక ముక్క కూడా దొరకనప్పుడు ఈ సామానే ప్రధాన సాక్ష్యమైంది.

పళ్లతో గుర్తించడం ఇంకా నడుస్తోందా?

నడుస్తోంది. డీఎన్‌ఏ కంటే వేగం, ఖర్చు తక్కువ. పూరించిన పళ్లు, పీకిన పళ్లు అరుదైన కూర్పులో ఉంటే ఒక్క దవడ చాలు. ఇబ్బంది పాత పటాలతోనే. సిబ్బంది భర్తీ కేంద్రంలో నిమిషాల్లో రాసిన పటంలో కుడి ఎడమలు తారుమారై ఉండవచ్చు. భర్తీ తర్వాత, ముందు వరుసలో చేసిన వైద్యం పటంలోకి ఎక్కకపోవచ్చు. అందుకని ఒక నియమం: పటంలో పూరించినట్టున్న పన్ను దొరికిన దవడలో పూరకం లేకుండా ఆరోగ్యంగా ఉంటే అది అతను కాదు. పటంలో బాగున్న పన్ను దవడలో పూరించి ఉంటే ఫర్వాలేదు, తర్వాత చేయించుకుని ఉంటాడు. కాలం ఒకవైపే నడుస్తుంది.

డీఎన్‌ఏ నమూనా ఎవరివ్వాలి?

ఇంగ్లీషులో అంకుల్, కజిన్ అంటే ఏ వైపు వారో తెలియక ప్రతి కేసులోనూ వంశవృక్షం గీయాల్సి వస్తుంది. మన వరసలతో ఈ విషయం చెప్పడం తేలిక. అన్నిటినీ గల్లంతైన మనిషి వైపు నుంచి లెక్కపెట్టండి.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, ఆడపిల్లల ద్వారా మాత్రమే ముందుకు పోతుంది. కాబట్టి పనికొచ్చేవారు: తల్లి, అమ్మమ్మ, ఒకే తల్లి కన్న తోబుట్టువులు, అక్కచెల్లెళ్ల పిల్లలు, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, ఆ పెద్దమ్మ పిన్నుల పిల్లలు. మేనకోడలి పిల్లలు పనికొస్తారు, మేనల్లుడి పిల్లలు పనికిరారు. మేనమామ పనికొస్తాడు, అతని పిల్లలు పనికిరారు. అన్నదమ్ముల పిల్లలు, మేనత్త, నాన్న పనికిరారు. అందరూ ఆశ్చర్యపోయేది, అతని సొంత కొడుకూ కూతురూ కూడా దీనికి పనికిరారు.

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోముకు పనికొచ్చేవారు: తండ్రి, నాన్న వైపు తాత, తోడబుట్టిన అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు, పెద్దనాన్న, బాబాయి, వాళ్ల కొడుకులు, సొంత కొడుకు. ఇక్కడ మన వరసల్లోనూ ఒక చిక్కుంది. పిన్ని భర్తనూ బాబాయి అనే పిలుస్తాం, బాబాయి భార్యనూ పిన్ని అనే అంటాం. రక్త సంబంధమేనా అని ఒక్కసారి నిర్ధారించుకోవాలి. మూడో రకం, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే ఆటోసోమల్ డీఎన్‌ఏకు తోబుట్టువులు, సొంత పిల్లలు అత్యుత్తమం. సొంత పిల్లలు ఇక్కడ మాత్రం బంగారం.

నమూనా అంటే చెంప లోపలి గోడను దూదిపుల్లతో రాయడం, అంతే. కిట్ ఉచితం, సంబంధిత దళపు కార్యాలయం పంపుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల నమూనా పంపండి. దత్తత, మారు మనువు ఉంటే దాచకుండా రాయండి. దాచిన దత్తత ఒక్కటే మొత్తం గుర్తింపును ఏళ్లపాటు తప్పుదారి పట్టిస్తుంది. వాణిజ్య వంశావళి కంపెనీల ఫలితాలను ఈ నమూనాకు బదులుగా తీసుకోరు.

డీఎన్‌ఏ కలిసిందంటే అతనేగా?

మైటోకాండ్రియా డీఎన్‌ఏ విషయంలో కాకపోవచ్చు. ఒక్కో కణంలో దానికి వందలు, వేల ప్రతులుంటాయి కాబట్టే పాత ఎముకలో అది మిగులుతుంది, కేంద్రకంలోని డీఎన్‌ఏకు రెండే ప్రతులు. కానీ ఒకే మైటోకాండ్రియా రకం సంబంధం లేని వేలమందికి ఉండవచ్చు. ఐరోపా మూలాలవారిలో అతి సాధారణ రకం, పరీక్షించే ప్రధాన భాగం వరకు చూస్తే, నూటికి ఏడుగురిలో కనిపిస్తుంది. ఆ రకం వచ్చిందంటే దాదాపు ఏమీ తేలనట్టే. అరుదైన రకం వచ్చి, ఆ విమానంలోని మిగతావాళ్ల కుటుంబాల నమూనాలతో కలవకపోతే అప్పుడు బలం. ఒక్క కుటుంబం నమూనా ఇచ్చి మిగతావాళ్లు ఇవ్వకపోతే ఫైలు ఆగిపోయేది ఇందుకే. 'మేమిచ్చి ఆరేళ్లయింది' అంటే, బహుశా గన్నర్ మేనకోడలి ఆచూకీ కోసం వంశావళి నిపుణులు ఇంకా వెతుకుతున్నారన్నమాట.

ప్రయోగశాలలో ఎముకలు కొలిచే మానవశాస్త్రవేత్తకు ఎవరిదని అనుకుంటున్నారో చెప్పరు. వయసు, ఎత్తు, గాయాలు తాను చూసినవే రాస్తాడు. పళ్ల నిపుణుడి నివేదిక వేరు, డీఎన్‌ఏ వేరు, చారిత్రక ఆధారాలు వేరు. చివరికి అన్నీ ఒక బల్లమీదికి వస్తాయి, ఒక్కటి ఎదురు తిరిగినా దానికి వివరణ దొరికేదాకా సంతకం పడదు.

గతంలో పొరపాట్లు జరిగాయా?

జరిగాయి. అందరికీ తెలిసింది లెఫ్టినెంట్ మైకేల్ బ్లాసీ ఉదంతం. ఆయన ఏ-37 విమానం 1972 మే 11న దక్షిణ వియత్నాంలోని అన్‌లాక్ దగ్గర కూలింది. అక్టోబరు చివర్లో దక్షిణ వియత్నాం గస్తీ దళం ఆరు ఎముకలను, తెప్ప, పారాచూట్ ముక్కలను, ఆయన గుర్తింపు కార్డును తెచ్చింది. కార్డు దారిలో మాయమైంది. ఎముకలు 'బ్లాసీవి అని నమ్మకం' అన్న చీటీతో హవాయి చేరాయి. అక్కడ అంచనా వేసిన ఎత్తు, వయసు, రక్తపు గ్రూపు ఆయన రికార్డుతో కలవలేదని 1980లో ఆ పేరు కొట్టేసి, గుర్తు తెలియనివాటికిచ్చే ఎక్స్-26 అనే సంఖ్య వేశారు. 1984లో వాటినే వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుడిగా ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సమాధి చేశారు. 1998 మేలో సమాధి తెరిచి మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీస్తే బ్లాసీ తల్లి, సోదరితో కలిసింది. ఆ సమాధి గది అప్పటినుంచి ఖాళీగానే ఉంది.

తప్పు ఎక్కడ? కొన్ని ఎముకల నుంచి కట్టిన ఎత్తు అంచనాకు కొన్ని అంగుళాల అటూ ఇటూ ఉంటుంది. పాత పదార్థం నుంచి తీసే రక్తపు గ్రూపు నమ్మదగింది కాదు. ఈ రెండు బలహీన ఆధారాలు, తెప్ప, చోటు, తేదీ అనే బలమైన ఆధారాలను కొట్టేశాయి.

'గుర్తు తెలియని' సమాధులను తెరవడం ఎంత తేలిక?

తేలిక కాదు. 2015లో పెట్టిన ప్రమాణం ప్రకారం, ఒక్కరి అవశేషాలున్న సమాధి అయితే గుర్తించే అవకాశం సగానికి మించి ఉండాలి. పలువురివి కలిసిపోయిన సమాధులైతే ఆ బృందంలో కనీసం 60 శాతం మందిని గుర్తించగలమన్న అంచనా ఉండాలి. అందుకే కుటుంబ నమూనాలు ముందు కావాలి, సమాధి తర్వాత. 1943 ఆగస్టు 1న రుమేనియాలోని ప్లోయెస్తి చమురు శుద్ధి కేంద్రాల మీద దాడిలో పోయిన బీ-24 సిబ్బందిలో 80కి పైగా అవశేషాలను యుద్ధం తర్వాత గుర్తించలేక బెల్జియంలోని ఆర్డెన్, ఆన్రి-షపెల్ శ్మశానవాటికల్లో పేరు లేకుండా పూడ్చారు. 2017 నుంచి వాటిని తెరుస్తున్నారు, పేర్లు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి.

కొరియా యుద్ధపు సమాధుల్లో వేరే చిక్కు వచ్చింది. శవాలను భద్రపరచడానికి వాడిన రసాయనాలు డీఎన్‌ఏను తునాతునకలు చేశాయి. మామూలు పరీక్షకు ఏమీ చిక్కేది కాదు. 2016 నుంచి ఏఎఫ్‌డిల్ కొత్త తరం సీక్వెన్సింగ్ వాడుతుండటంతో ఆ ముక్కలనూ చదవగలుగుతున్నారు.

ఈశాన్య భారతంలో కూలిన విమానాల సంగతేమిటి?

అస్సాం నుంచి చైనాలోని కున్‌మింగ్‌కు హిమాలయాల మీదుగా సరుకు మోసిన 'హంప్' మార్గంలో దాదాపు 600 విమానాలు పోయాయి. భారత్‌లో 400కు పైగా అమెరికన్ల లెక్క ఇంకా తేలలేదు, వారిలో ఎక్కువమంది అరుణాచల్ కొండల్లోనే. 1944 జనవరి 25న కున్‌మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు వస్తూ ఎనిమిదిమందితో కూలిన 'హాట్ యాజ్ హెల్' అనే బీ-24 చోటు 2006లో అరుణాచల్‌లోని దమ్రో ఊరికి దగ్గర్లో బయటపడింది. అవశేషాలు 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి వెళ్లాయి. ఒకరి గుర్తింపు 2017లో ఖరారైంది. ఊరివాళ్లు శకలాలను ఎప్పటినుంచో ఎరుగుదురు. వేటకు వెళ్లేవాళ్లకు తెలిసిన చోటు ఫైళ్లకు తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం 2021 నుంచి డీపీఏఏతో కలిసి పనిచేస్తోంది.

బ్రిటిష్, కామన్వెల్త్ వైమానికుల విషయంలో తేడా ఏమిటి?

బ్రిటన్ చొరవ తీసుకుని వెతకదు, దొరికితే గుర్తిస్తుంది. అవశేషాలను స్వదేశానికి తీసుకుపోరు, దొరికిన చోటికి దగ్గరలోని కామన్వెల్త్ శ్మశానవాటికలో సమాధి చేస్తారు. గుర్తింపు పని రక్షణశాఖలోని జేసీసీసీ అనే విభాగం చూస్తుంది. బ్రిటన్ నేలమీద కూలిన సైనిక విమానాన్ని 1986 చట్టం కింద అనుమతి లేకుండా తవ్వడం నేరం, మనిషి అవశేషాలు ఉండవచ్చనిపిస్తే అనుమతి సాధారణంగా ఇవ్వరు. సమాధి లేనివారి పేర్లు రన్నీమీడ్ స్మారకంపై 20,000కు పైగా ఉన్నాయి. దక్షిణ, తూర్పు ఆసియా మీద పోయినవారికి సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం చూడాలి.

గుర్తింపు ఖరారయ్యాక ఏం జరుగుతుంది?

చట్టప్రకారం నిర్ణయాధికారం ఉన్న దగ్గరి బంధువును దళపు ప్రతినిధి స్వయంగా కలిసి, నివేదిక మొత్తం చేతికిచ్చి పేజీ పేజీ వివరిస్తాడు. నమూనా ఇచ్చిన వ్యక్తే ఆ బంధువు కానక్కర్లేదు, ఇంట్లో మాటపట్టింపులు ఇక్కడే వస్తాయి. ఎక్కడ సమాధి చేయాలన్నది ఆ బంధువు ఇష్టం, సైనిక లాంఛనాలు, ఖర్చు ప్రభుత్వానివి. విదేశీ శ్మశానవాటికల్లోని గల్లంతైనవారి గోడ మీద అతని పేరు చెరపరు, పక్కన చిన్న కంచు పువ్వు బిగిస్తారు.

ఎవరివో విడదీయలేని ముక్కలు మిగిలితే సిబ్బంది అందరి పేరా ఒకే పెట్టెలో సామూహిక సమాధి చేస్తారు. తర్వాత అదే చోట మరికొన్ని ఎముకలు దొరకవచ్చు. అప్పుడు మళ్లీ కబురు చేయాలా వద్దా, చేస్తే ఆ ఎముకలను ఏం చేయాలి అని కుటుంబాన్ని ముందే అడిగి కాగితం మీద రాయించుకుంటారు. సమాధి తెరిచి కలపమనవచ్చు, ప్రభుత్వానికే వదిలేయవచ్చు. రెండోసారి ఫోన్ రావద్దనుకునే కుటుంబాలు ఉంటాయి, ఆ గడిలో టిక్ పెట్టే హక్కు వాళ్లకుంది.